లెక్కల్లో ముందున్న పిల్లలకు పై స్థాయి గణితం నేర్పడం ఎలా: కంప్యూటర్, కాగితం రెండూ దగ్గర పెట్టుకుని

"మావాడు ఏడో తరగతి. తొమ్మిదో తరగతి లెక్కల పుస్తకం కూడా అయిపోగొట్టాడు. ఇప్పుడేం చెప్పాలి?" వారానికి ఒకరైనా నన్ను ఈ మాట అడుగుతారు. వెంటనే వచ్చే రెండో ప్రశ్న: "ఏ యాప్ మంచిది సార్?"

యాప్ పేరు చెప్పడం అర నిమిషం పని. దాని ముందు కూర్చోబెట్టాక ఏ వరసలో ఏం చేయించాలి, ఎక్కడ ఆపాలి, ఎక్కడ మనం నోరు మూసుకోవాలి అన్నదే కష్టం. ఆదివారాలు ఆరు నుంచి పదో తరగతి దాకా పిల్లలు ఏడెనిమిది మంది నా దగ్గర కూర్చుంటారు. వాళ్లతో పనిచేసి చూసిన పద్ధతి ఇది. మీ ఇంట్లో ఒక్కరే ఉన్నా పనికొస్తుంది.

ఒక నియమం ముందే చెప్పాలి, కింద రాసినవన్నీ దాని మీదే నిలబడ్డాయి. స్క్రీన్ ముట్టుకోక ముందు పిల్లలు తమ ఊహను కాగితం మీద రాయాలి. స్క్రీన్ పక్కన పెట్టాక, ఎందుకలా అయిందో మళ్లీ కాగితం మీదే రాయాలి. ఆ రెండింటి మధ్యలో జరిగేదే కంప్యూటర్ పని.

## 1. ముందు తేల్చుకోండి: వేగమా, ఆలోచనా?

అబాకస్ నేర్చుకుని మూడంకెల గుణకారాలు నోటితో చెప్పే పిల్లలుంటారు. మంచిదే. కానీ పై స్థాయి గణితానికి కావాల్సింది అది కాదు. దారి దొరక్కపోయినా ఒక లెక్క దగ్గర పదిహేను నిమిషాలు కూర్చోగలగాలి. జవాబు వచ్చాక కూడా "ఎప్పుడూ ఇంతేనా?" అని అడగాలి. కూడికల్లో తప్పులు చేస్తూనే ఇలా ఆలోచించే పిల్లలు బోలెడుమంది. స్కూల్లో వాళ్లను ఎవరూ గుర్తించరు.

ఈ నాలుగు ప్రశ్నలు ఇచ్చి చూడండి. టైము పెట్టొద్దు.

- చదరంగం బల్ల మీద అన్ని సైజులవీ కలిపి చతురస్రాలు ఎన్ని? (64 కాదు, 204.)
- వరుసగా వచ్చే ఏ మూడు సంఖ్యలు కూడినా మొత్తం 3తో భాగించబడుతుంది. ఎందుకు? నాలుగు సంఖ్యలు కూడితే 4తో భాగించబడుతుందా? (ఎప్పటికీ కాదు. శేషం 2 మిగులుతుంది.)
- 1 నుంచి 100 దాకా 2తో గానీ 3తో గానీ భాగించబడే సంఖ్యలు ఎన్ని? (67.)
- 2 సెం.మీ. భుజం ఉన్న చతురస్రం లోపల ఎక్కడైనా 5 చుక్కలు పెట్టండి. వాటిలో ఏవో రెండు చుక్కల మధ్య దూరం √2 సెం.మీ. మించదు. ఎందుకు?

నాలుగోది ఎక్కువమందికి రాదు, రానక్కర్లేదు. చతురస్రాన్ని నాలుగు చిన్న గదులు చేస్తే, ఐదు చుక్కల్లో రెండు ఒకే గదిలో పడక తప్పదు. ఆ గది కర్ణం √2. ఈ మాట చెప్పినప్పుడు పిల్లల మొహం చూడండి. "ఓహో, అంతేనా" అని పక్కకు తిరిగితే ఒక రకం. "అయితే పది చుక్కలైతే?" అని అడిగితే ఇంకో రకం. ఈ మార్గదర్శి రెండో రకం వాళ్ల కోసం.

మొదటి రకం పిల్లలకు కూడా ఇది చెప్పొచ్చు. కాకపోతే తొందర పెట్టకండి.

## 2. ఏర్పాట్లు

లక్ష రూపాయల లాప్‌టాప్ అక్కర్లేదు. పాతదైనా కీబోర్డు ఉన్న కంప్యూటర్ ఉంటే చాలు. ఫోన్లో కూడా నడుస్తుంది గానీ, చిన్న తెర మీద బొమ్మ గీస్తుంటే చుక్క పెట్టాల్సిన చోట వేలు ఇంకోచోట పడుతుంది. ఆ చిరాకులో లెక్క మరిచిపోతారు.

మొదలుపెట్టే ముందు సిద్ధం చేసుకోవాల్సినవి:

- జియోజీబ్రా: జ్యామితి బొమ్మలకు. ఉచితం. యాప్ దింపుకుంటే నెట్ లేకపోయినా పనిచేస్తుంది.
- పైథాన్: చిన్న ప్రోగ్రాములకు. కంప్యూటర్లో అయితే థానీ అనే సాఫ్ట్‌వేర్ వేసుకోండి. పైథాన్ అందులోనే కలిసి వస్తుంది, విడిగా వేసే తలనొప్పి ఉండదు.
- ఎక్సెల్ లాంటి ఒక స్ప్రెడ్‌షీట్.
- 200 పేజీల రూళ్లు లేని నోటుబుక్కు. ఎడమ పేజీ ఊహలకు, కుడి పేజీ నిరూపణలకు.
- పెన్ను. పెన్సిల్, రబ్బరు వద్దు. తప్పు చెరిపేస్తే రెండు వారాల తర్వాత ఎక్కడ దారి తప్పామో కనబడదు.
- గోడ గడియారం. ఫోన్లో టైము చూడబోతే వాట్సాప్ కూడా చూస్తాం. పిల్లల సంగతి తర్వాత, ముందు మన సంగతే.

కంప్యూటర్ హాల్లో పెట్టండి. నిఘా కోసం కాదు. పిల్లకు ఏదైనా తట్టినప్పుడు "నాన్నా, ఇటు చూడు" అని పిలిస్తే వినబడేంత దూరంలో మీరుండాలి.

## 3. పాఠాల వరస

ఇక్కడే చాలామంది దారి తప్పుతారు. పిల్లవాడు చురుకని తెలియగానే ఇంటర్ పుస్తకం తెచ్చి కలనగణితం మొదలుపెడతారు. ఏడో తరగతి పిల్లవాడికి అవకలనం సూత్రాలు కంఠతా వస్తాయి, బంధువుల ముందు చెప్పించుకోవచ్చు. దాంతో వాడు ఆలోచించడం నేర్చుకోడు. సిలబస్‌లో పైకి వెళ్లడం వేరు, గణితంలో లోతుకు వెళ్లడం వేరు.

నేను పాటించే వరస:

1. సంఖ్యలు: భాజనీయత, శేషాలు, ప్రధాన సంఖ్యలు, గ.సా.భా. కనుక్కునే యూక్లిడ్ పద్ధతి. మూడు నెలలు.
2. లెక్కించడం: ఎన్ని రకాలుగా, ఎన్ని దారుల్లో అనే ప్రశ్నలు, పావురాల గూళ్ల సూత్రం (పైన ఐదు చుక్కలు, నాలుగు గదుల లెక్కలో వాడింది ఇదే). రెండు నెలలు.
3. జ్యామితి: త్రిభుజాలు, వృత్తాలు, మధ్యబిందువులు. మూడు నెలలు. నిరూపణ రాయడం నిజంగా అలవాటయ్యేది ఇక్కడే.
4. బీజగణితం: సర్వసమీకరణాలు, బహుపదులు, అసమానతలు, గణితానుగమనం (ఒక సంఖ్యకు నిజమైతే తర్వాతి సంఖ్యకూ నిజమని చూపే నిరూపణ పద్ధతి). మిగిలిన నెలలు.

సంఖ్యలు ముందు పెట్టడానికి కారణం ఉంది. ఆరో తరగతి గణితంతోనే లోతైన ప్రశ్న అడగొచ్చు, కంప్యూటర్లో వెంటనే పరీక్షించనూ వచ్చు. భిన్నాలు, రుణ సంఖ్యలు తడబడుతుంటే మాత్రం ముందు అవి సరిచేయండి. మేధావి పిల్లవాడికి అవి వచ్చే ఉంటాయని అనుకోవద్దు. చాలాసార్లు రావు.

## 4. జియోజీబ్రాతో ఒక గంట

ఒక పాఠం మొత్తం ఎలా నడుస్తుందో చూపిస్తాను. ఎనిమిదో తరగతి, ఆపైన పిల్లలకు.

ప్రశ్న: ఏదైనా ఒక చతుర్భుజం గీయండి. నాలుగు భుజాల మధ్యబిందువులు వరసగా కలపండి. లోపల ఏ ఆకారం వస్తుంది?

మొదటి 15 నిమిషాలు, కాగితం. స్కేలుతో మూడు చతుర్భుజాలు గీయించండి. ఒకటి వంకరటింకరగా ఉండాలి. పిల్లలకు వదిలేస్తే మూడూ చతురస్రంలాగే గీస్తారు. మధ్యబిందువులు కలిపాక ఊహ ఎడమ పేజీలో ఒక వాక్యంగా రాయాలి. "చతురస్రం వస్తుంది" అని రాసినా సరే, దిద్దకండి.

తర్వాతి 15 నిమిషాలు, తెర.

- పాలిగన్ పరికరంతో నాలుగు చుక్కలు పెట్టి, మొదటి చుక్క మీద మళ్లీ నొక్కితే చతుర్భుజం మూసుకుంటుంది.
- మిడ్‌పాయింట్ పరికరం తీసుకుని ఒక్కో భుజం మీద నొక్కండి.
- ఆ నాలుగు మధ్యబిందువులతో ఇంకో పాలిగన్.
- మూవ్ పరికరంతో బయటి మూలల్ని ఒక్కొక్కటిగా పట్టి లాగండి.

లాగుతుంటే బయటి ఆకారం ఎన్ని వేషాలు వేసినా, లోపలిది సమాంతర చతుర్భుజంగానే ఉంటుంది. ఒక మూలను లోపలికి తోసేసి గుంట చేసినా అంతే. ఈ రెండు నిమిషాలు మీరు మాట్లాడకండి.

చివరి అరగంట, మళ్లీ కాగితం. తెర ఆపేయండి. "ఎందుకు?" అని అడగండి. పది నిమిషాలైనా దారి తట్టకపోతే ఒక్క సూచన: "ఒక కర్ణం గీసి చూడు." కర్ణం గీయగానే చతుర్భుజం రెండు త్రిభుజాలవుతుంది. తొమ్మిదో తరగతిలో ఉన్న మధ్యబిందు సిద్ధాంతం రెండింటికీ వర్తిస్తుంది. లోపలి ఆకారంలో ఎదురెదురు భుజాలు రెండూ ఆ కర్ణానికి సమాంతరం, రెండూ కర్ణంలో సగం. అయిపోయింది.

అక్కడితో ఆపకండి. లోపలిది దీర్ఘచతురస్రం కావాలంటే బయట ఏం ఉండాలి? (కర్ణాలు లంబంగా ఉండాలి.) సమచతుర్భుజం కావాలంటే? (కర్ణాలు సమానం కావాలి.) ఈ రెండు ప్రశ్నలూ వాళ్లే అడిగితే ఆ రోజుకు మీ పని అయినట్టే.

ఈ సిద్ధాంతానికి ఒక పేరుంది. ముందే చెప్పకండి, వెతికేస్తారు. మొదటిసారి నేనా తప్పు చేశాను. "ఎప్పుడూ సమాంతర చతుర్భుజమే వస్తుంది, చూడండి" అని చెప్పి తెర చేతికిచ్చాను. రెండు నిమిషాలు లాగి, "అవును సార్, వస్తోంది" అని రంగులు మార్చుకుంటూ కూర్చున్నారు. గంట పాఠం అక్కడికి చచ్చిపోయింది.

### జియోజీబ్రాలో సాధారణంగా జరిగే పొరపాట్లు

*చుక్కను కంటి అంచనాతో మధ్యలో పెట్టడం.* చూడ్డానికి సరిగ్గానే ఉంటుంది. మూల పట్టి లాగగానే చుక్క అక్కడే ఉండిపోయి బొమ్మ విడిపోతుంది. అందుకే ప్రతి బొమ్మకూ లాగుడు పరీక్ష పెట్టండి. లాగితే విడిపోయేది గీత, లాగినా నిలబడేది నిర్మాణం.

*మరీ అందమైన బొమ్మ.* ఇది ఇంకా ప్రమాదం. వృత్తం మీద చుక్కలు పెట్టి ప్రతి రెండింటినీ గీతతో కలిపితే వృత్తం ఎన్ని ముక్కలవుతుందో లెక్కపెట్టమనండి. ఒక చుక్కకు 1, రెండింటికి 2, తర్వాత 4, 8, 16. ఆరు చుక్కలకు 32 అని అందరూ రాస్తారు. వచ్చేది 31. కానీ ఆరు చుక్కల్నీ సమదూరంలో పెడితే మూడు కర్ణాలు కేంద్రం దగ్గర ఒకేచోట కలిసి ఒక ముక్క మాయమవుతుంది, 30 వస్తుంది. క్లాసులో 30, 31, 32 మూడూ వినబడతాయి. ఆ గొడవ జరగనివ్వండి. ఎవరు ఎలా గీశారో వాళ్లే ఒకరి తెర ఒకరు చూసి తేల్చుకుంటారు.

## 5. పైథాన్: పది లైన్లు చాలు

ప్రోగ్రామింగ్ కోర్సు చేయించనక్కర్లేదు. గణితానికి కావాల్సినవి నాలుగే: ప్రింట్, ఫర్ లూప్, ఇఫ్, శేషం ఇచ్చే శాతం గుర్తు. 17 పక్కన శాతం గుర్తు పెట్టి 5 రాస్తే 2 వస్తుంది. రెండు సాయంత్రాల పని.

మొదటి ప్రయోగంగా నేనెప్పుడూ ఇచ్చేది గణితవేత్త ఆయిలర్ గమనించిన వరస. ఒక సంఖ్య తీసుకోండి, దాని వర్గం కట్టండి, దానికి ఆ సంఖ్యనే కలపండి, ఇంకో 41 కలపండి. 0తో మొదలుపెడితే 41, 1తో 43, 2తో 47, తర్వాత 53, 61, 71. అన్నీ ప్రధాన సంఖ్యలే. ఎప్పుడూ ఇంతేనా?

1. మొదటి ఆరు విలువలు చేత్తో కట్టించండి.
2. ఊహ ఎడమ పేజీలో రాయించండి. "ఎప్పుడూ ప్రైమే" లేదా "ఎక్కడో ఆగిపోతుంది". ఏదో ఒకటి తేల్చి రాయాలి.
3. ఒక సంఖ్య ప్రధాన సంఖ్యో కాదో చెప్పే చిన్న ప్రోగ్రాము రాయించండి: 2 నుంచి ఒక్కో సంఖ్యతో భాగిస్తూ పోవడం, ఎక్కడైనా శేషం 0 వస్తే ఆగడం.
4. దాన్ని 7, 9, 91, 97 మీద పరీక్షించండి. 91 తప్పనిసరి. 7, 13 లబ్ధమని చాలామందికి తట్టదు.
5. అప్పుడు వరస మీద నడపండి.

ఒక ఏడో తరగతి అమ్మాయి ఇక్కడ దొరికిపోయిన తీరు చెప్పాలి.

"సార్, అన్నీ ప్రైమే."

"ఎక్కడిదాకా చూశావమ్మా?"

"నలభై దాకా."

"నలభై కూడా చూశావా?"

పైథాన్‌లో రేంజ్ అని రాసి 40 ఇస్తే అది 39 దగ్గరే ఆగుతుంది. 39 దాకా అన్నీ ప్రధాన సంఖ్యలే, 39 దగ్గర వచ్చే 1601 కూడా. సరిగ్గా 40 దగ్గర 1681 వస్తుంది, అది 41 వర్గం. ఆ అమ్మాయి 40ని 41 చేసి మళ్లీ నడిపింది. చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత నోటుబుక్కు తీసి, కంప్యూటర్ వైపు చూడకుండా రాసింది: 40 వర్గం, ఇంకో 40 కలిస్తే 40 సార్లు 41. దానికి 41 కలిస్తే 41 సార్లు 41. ఇక ప్రైమ్ ఎలా అవుతుంది?

తర్వాత మీరు అడగాల్సిన ప్రశ్న: 41 బదులు 17 పెడితే? (16 దగ్గర 17 వర్గం వచ్చి ఆగుతుంది.) 11 పెడితే? ఏ సంఖ్య పెట్టినా ఎప్పటికీ ఆగకుండా ఉంటుందా? ఇది చివరిదాకా వాళ్లే నిరూపించగలరు.

పైథాన్‌లో తలనొప్పులు, మందులు:

- ఒక గీత (/) భాగహారం దశాంశం ఇస్తుంది, రెండు గీతల (//) భాగహారం పూర్ణాంకం ఇస్తుంది. పెద్ద సంఖ్యలకు ఎప్పుడూ రెండు గీతలే.
- 0.1కి 0.2 కలపమంటే 0.30000000000000004 చూపిస్తుంది. కంప్యూటర్ దశాంశాలను 0, 1 అనే రెండే అంకెలున్న పద్ధతిలో దాచుకుంటుంది, 0.1 అందులో పూర్తిగా ఇమడదు. పిల్లలకు దీన్ని దాచకండి, చూపించండి. యంత్రం మీద గుడ్డి నమ్మకం పోవడానికి ఇంతకంటే మంచి పాఠం లేదు.
- ప్రోగ్రాము ఆగకుండా తిరుగుతుంటే ఆపే బటన్ ఎక్కడుందో మొదటి రోజే చెప్పండి. లేకపోతే కంప్యూటర్ పాడుచేశానని పిల్లలు టెన్షన్ పడతారు.

## 6. మీకు ప్రోగ్రామింగ్ రాకపోతే ఎక్సెల్

మొదటి గడిలో 7 వేయండి. కింది గడిలో పై గడిని 7తో గుణించే సూత్రం రాసి కిందికి లాగండి. గడుల ఫార్మాట్ నంబర్‌కు మార్చి, దశాంశాలు తీసేయండి. చివరి అంకెలు చూడమనండి: 7, 9, 3, 1, మళ్లీ 7, 9, 3, 1. అయితే 7ను 2024 సార్లు వేసి గుణిస్తే చివరి అంకె ఏమిటి? 2024ను 4 భాగిస్తుంది కాబట్టి 1. శేషాల లెక్కకు ఇదే తలుపు.

ఇక 18వ వరస చూడండి. చివరి అంకె 9 రావాలి. ఎక్సెల్ 0 చూపిస్తుంది. అది 15 అంకెల దాకానే సరిగ్గా పట్టుకుంటుంది, 7 ఘాతం 18కి 16 అంకెలున్నాయి. ఈ కారణం వెంటనే చెప్పకండి. "7ను 7తో ఎన్నిసార్లు గుణిస్తే చివర సున్నా వస్తుంది?" అని మాత్రం అడిగి ఊరుకోండి. చివర సున్నా ఉందంటే 5తో భాగించబడాలి, 7లతో తప్ప దేనితోనూ గుణించని సంఖ్య 5తో ఎలా భాగించబడుతుంది? యంత్రం తప్పు చెప్పిందని పదకొండేళ్ల పిల్లవాడు కాగితం మీద రుజువు చేస్తాడు. వాడి నడకే మారిపోతుంది.

## 7. ఏఐ చాట్‌బాట్ ఎప్పుడు, ఎంతవరకు

నిషేధించి లాభం లేదు. పక్కింట్లో చూస్తారు. కాబట్టి నియమాలు పెట్టండి.

- లెక్కతో కనీసం 40 నిమిషాలు కుస్తీ పట్టాకే.
- "జవాబు చెప్పు" అని అడగకూడదు. "ఒక్క సూచన ఇవ్వు, పరిష్కారం చెప్పొద్దు" అని అడగాలి.
- ఇంకా మంచిది: తన నిరూపణ మొత్తం టైప్ చేసి, "ఏ వాక్యానికి కారణం సరిపోలేదు?" అని అడగడం. తెలుగులో అడిగినా పరవాలేదు.
- అది చెప్పిన ప్రతి మాటను ఒక చిన్న సంఖ్యతో చేత్తో సరిచూడాలి.

చివరిది ముఖ్యం. చాట్‌బాట్ తప్పును కూడా ఒప్పులాగే ధీమాగా చెబుతుంది. నెలకోసారి దాని చేత ఒక నిరూపణ రాయించి, అందులో లొసుగు పట్టుకోమని పిల్లలకు పోటీ పెట్టండి. లొసుగు లేకపోతే, లేదని ఒప్పించడం కూడా పనే.

## 8. వారం ప్రణాళిక, లెక్కలు దొరికే చోట్లు

వారానికి నాలుగు రోజులు, రోజుకు గంట చాలు. రెండు రోజులు లెక్కలు, ఒక రోజు జియోజీబ్రా లేదా పైథాన్, ఒక రోజు రాసిన నిరూపణలు తిరగరాయడం. వారానికి మూడే కొత్త లెక్కలు.

మూడేనా అంటారు. ఎంసెట్‌లో (ఇప్పుడు ఈఏపీసెట్ అంటున్నారు) 180 నిమిషాల్లో 160 ప్రశ్నలు చేయాలి, ఒక్కోదానికి నిమిషం చిల్లర. అంతర్జాతీయ గణిత ఒలింపియాడ్‌లో రోజుకు 3 లెక్కలిచ్చి నాలుగున్నర గంటలు కూర్చోబెడతారు, ఒక్కోదానికి గంటన్నర. రెండూ వేర్వేరు ఆటలు. ఫౌండేషన్ కోర్సుల్లో ఆరో తరగతి నుంచే మొదటి ఆట ఆడిస్తారు. రెండోదానికి పిల్లలకు ఇంట్లోనే చోటివ్వాలి.

లెక్కలు ఇక్కడ దొరుకుతాయి:

- ఎన్‌రిచ్: కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయం నడిపేది. ఆరు, ఏడు తరగతులవాళ్లు ఇక్కడ మొదలుపెట్టాలి.
- ఆల్క్యుమస్: ఆర్ట్ ఆఫ్ ప్రాబ్లమ్ సాల్వింగ్ వాళ్లది, ఉచితం. పిల్లవాడి స్థాయిని బట్టి తర్వాతి లెక్క కష్టం మారుతుంది.
- ప్రాజెక్ట్ ఆయిలర్: పైథాన్ వచ్చాక. మొదటి లెక్క, 1000 లోపు 3తో గానీ 5తో గానీ భాగించబడే సంఖ్యల మొత్తం. ప్రోగ్రాముతో చేశాక, ప్రోగ్రాము లేకుండా కూడా చేయమనండి. పైన మొదటి పరీక్షలో ఇచ్చిన మూడో ప్రశ్నకు ఇది తమ్ముడే.
- ఐఓక్యూఎం (గణిత ఒలింపియాడ్ అర్హత పరీక్ష) పాత పేపర్లు: మన దేశంలో ఒలింపియాడ్ దారికి మొదటి మెట్టు. ఇటీవలి పేపర్లలో మూడు గంటలకు 30 ప్రశ్నలు, 100 మార్కులు, జవాబులన్నీ 0 నుంచి 99 లోపు పూర్ణాంకాలే. తర్వాతి మెట్లు ఆర్ఎంఓ (ప్రాంతీయ ఒలింపియాడ్), ఐఎన్ఎంఓ (జాతీయ ఒలింపియాడ్). అక్కడ నిరూపణలు రాయాలి. అర్హత, తేదీలు ఏటా నోటిఫికేషన్‌లో చూసుకోండి.
- నేచురల్ నంబర్ గేమ్: పదో తరగతి దాటినవాళ్లకు. నిరూపణల్ని కంప్యూటర్ సరిచూసే లీన్ అనే భాషలో, కూడికలో సంఖ్యల వరస మార్చినా మొత్తం మారదు లాంటివి కూడా మొదటి నుంచి నిరూపించాలి. ఒక్క మెట్టు దాటవేసినా కంప్యూటర్ ఒప్పుకోదు.

ఇవి ఎక్కువగా ఇంగ్లీషులోనే ఉంటాయి. తెలుగు మీడియం పిల్లలకు నోటుబుక్కు వెనక పేజీల్లో పదాల జాబితా పెట్టించండి. ప్రత్యుదాహరణ, విపర్యయం, ఆవశ్యకం, పర్యాప్తం లాంటి మాటల పక్కన ఇంగ్లీషు మాట, దాని పక్కన సొంత వాక్యం. ఇంగ్లీషు రాక లెక్క తప్పితే అది లెక్కలో తప్పు కాదని పిల్లలకు గట్టిగా చెప్పండి.

## 9. పెద్దవాళ్లు చేసే తప్పులు, సవరణలు

వీడియోలు చూపించి పాఠం అయిందనుకోవడం. చూస్తున్నప్పుడు అన్నీ అర్థమైనట్టే ఉంటుంది. సవరణ: వీడియోలో లెక్క ఇవ్వగానే ఆపేసి, పదిహేను నిమిషాలు సొంతంగా ప్రయత్నించాకే మిగతాది చూడాలి. చూశాక, మూసేసి మొత్తం మళ్లీ రాయాలి.

మధ్యలో చేయి పెట్టడం. పిల్ల మౌనంగా ఉంటే మనకు భయమేస్తుంది, సూచన ఇచ్చేస్తాం. ఆ మౌనంలోనే పని జరుగుతోంది. నా మటుకు నేను టీ పెట్టుకోవడానికి వంటింట్లోకి వెళ్లిపోతాను.

"కంప్యూటర్లో చూశాం కదా, ఇంకా నిరూపణ ఎందుకు?" ఈ మాట పిల్లలే అంటారు. వాదించకండి. 41 లెక్క, వృత్తం ముక్కల లెక్క ఉన్న పేజీలు తీసి ముందు పెట్టండి.

పరిష్కారం వచ్చింది గానీ రాయడం రాదు. ఇది ఈ పిల్లల్లో అందరికీ ఉంటుంది. బుర్ర వేగం, చేయి నిదానం. "అది తెలిసిపోతోంది కదా" అని మధ్య మెట్లు వదిలేస్తారు. సవరణ: రాసినదాన్ని ఫోన్లో ఫొటో తీసి, రెండు వారాల తర్వాత వాళ్లకే చూపించండి. తమ నిరూపణ తమకే అర్థం కాకపోతే మనం ఇక ఏం చెప్పనక్కర్లేదు.

మొదటిసారి లెక్క రాకపోతే కుంగిపోవడం. స్కూల్లో ఎప్పుడూ నూటికి నూరు వచ్చే పిల్లలకు ఓడిపోవడం అలవాటుండదు. ఏడుస్తారు, పుస్తకం విసిరేస్తారు, "నాకు లెక్కలు రావు" అంటారు. రాని లెక్కల కోసం విడిగా ఒక పేజీ పెట్టండి, తేదీతో సహా. రెండు నెలలకోసారి ఆ పేజీ తెరిస్తే సగం లెక్కలు ఇప్పుడు వస్తాయి. మీరు కూడా రాని లెక్క ఒకటి అందులో రాయండి.

వాట్సాప్ స్టేటస్. పిల్లవాడి నోటుబుక్కు ఫొటో పెట్టకండి. అంతే.

నెలాఖరున ఒకసారి చూసుకోవాల్సినవి:

- ఎడమ పేజీల్లో తప్పు ఊహలు కనీసం నాలుగైదు ఉన్నాయా? లేకపోతే లెక్కలు తేలికైపోయాయి.
- కుడి పేజీల్లో "ఎందుకంటే" అనే మాట కనిపిస్తోందా?
- పిల్లలు సొంతంగా తయారుచేసిన ప్రశ్న ఒక్కటైనా ఉందా?
- తెర ముందు గడిపిన సమయం కాగితం ముందు గడిపిన దానికంటే ఎక్కువైందా? అయితే వచ్చే నెల ఒక రోజు తగ్గించండి.
- ఆటకు, నిద్రకు కోత పడిందా?

## 10. పిల్లలు మిమ్మల్ని దాటిపోయాక

ఏడాదిన్నరలో వచ్చేస్తుంది ఆ రోజు. వాళ్లు రాసింది మీకు అర్థం కాదు. కంగారు పడి పెద్ద కోచింగ్‌లో చేర్చేయకండి.

ఆదివారం పది నిమిషాలు వాళ్లను బోర్డు దగ్గర నిలబెట్టి, మీరు కింద కూర్చోండి. మీకు అర్థం కాకపోయినా అడగగలిగే ప్రశ్నలు మూడున్నాయి: "ఈ షరతు తీసేస్తే ఏమవుతుంది?", "చిన్న సంఖ్యతో చూపించు", "ఈ లైను నుంచి ఆ లైనుకు ఎలా వచ్చావు?" మూడోదానికి తడబడితే అక్కడే లొసుగుంది. మీకు గణితం రానక్కర్లేదు, తడబాటు వినబడితే చాలు.

మీ ఊరి డిగ్రీ కాలేజీలో గణితం చెప్పే లెక్చరర్‌ను కలవండి. నెలకు ఒక్క గంట అడగండి, ఎక్కువ అడగొద్దు. వెళ్లేటప్పుడు మార్కుల మెమోలు, సర్టిఫికెట్లు పట్టుకెళ్లకండి. ఆ నోటుబుక్కు పట్టుకెళ్లండి, రాని లెక్కల పేజీ తెరిచి చేతికివ్వండి.